పాత మంత్రగ్రంథాలతో సాధన: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: అయ్యా, ఐరోపాకు చెందిన పాత మంత్రవిద్యా గ్రంథాల స్కాన్ ప్రతులు నా దగ్గర చాలా చేరాయి. సొలొమోను పేరు మీద ఉన్న 'తాళపుచెవి', 72 భూతాల పట్టిక ఉన్న 'గోయెటియా', దీర్ఘదీక్ష నేర్పే అబ్రామెలిన్ గ్రంథం, 16వ శతాబ్దపు జర్మన్ పండితుడు అగ్రిప్ప రాసిన మూడు సంపుటాలు వాటిలో ముఖ్యమైనవి. పాత గ్రంథానికే శక్తి ఉంటుందనీ, అందులో ఉన్నది ఒక్క అక్షరం మార్చకుండా ఆచరించాలనీ కొందరు చెబుతున్నారు. నన్ను ఏ గ్రంథంతో మొదలుపెట్టమంటారు?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: ఏ గ్రంథంతో మొదలుపెట్టాలో చెప్పేముందు, 'ఒక్క అక్షరం మార్చకుండా' అన్న మాటను కొంచెం పరిశీలించాలి. మీరు పేర్కొన్న గ్రంథాలలో చాలావాటికి ఇదే అసలు పాఠమని చూపించగల ప్రతి అంటూ లేదు. మీ దగ్గరున్న 'తాళపుచెవి' బహుశా 1889లో మేథర్స్ అనే ఇంగ్లీషు మంత్రసాధకుడు లండన్‌లో ప్రచురించిన ఇంగ్లీషు ప్రతి అయి ఉంటుంది. ఆయన బ్రిటిష్ మ్యూజియంలోని పలు రాతప్రతులను ఎదురెదురుగా పెట్టుకుని, ఒకదానిలో లేనిదాన్ని మరొకదాని నుంచి తెచ్చి పూరించాడు. క్షుద్రమని తనకు తోచిన ప్రయోగాలను కొన్నింటిని తీసివేశానని పీఠికలో తానే చెప్పుకున్నాడు. అంటే ఆ గ్రంథం ఆ రూపంలో 1889కి ముందు ఎక్కడా లేదు. దానికి మూలమని పండితులు భావించే గ్రీకు గ్రంథపు ప్రతులలో బాగా పాతవి 15వ శతాబ్దికి చెందినవి. సొలొమోను రాజు క్రీస్తుపూర్వం పదో శతాబ్దివాడనుకుంటే, ఆయనకూ ఆ ప్రతులకూ మధ్య దాదాపు 2400 ఏళ్ల ఎడం ఉంది. మన దగ్గర ఎవరో రాసినదానికి అగస్త్యుడి పేరో నాగార్జునుడి పేరో తగిలించినట్టే, అక్కడ సొలొమోను పేరు తగిలించారు.

గోయెటియా సంగతి ఇంతకంటే విచిత్రమైనది. అగ్రిప్పకు శిష్యుడైన యోహాన్ వేయర్ అనే వైద్యుడు, మంత్రగత్తెలన్న ముద్రవేసి ముసలి స్త్రీలను చంపడాన్ని ఖండిస్తూ ఒక పెద్ద గ్రంథం రాసి, 1577లో దానికి అనుబంధంగా 69 భూతాల పట్టికను అచ్చు వేయించాడు. ఇటువంటి వాటిని నమ్మేవారి వెర్రి లోకానికి తెలియాలన్నది ఆయన ఉద్దేశం. పైగా, తెలివితక్కువవాడెవడైనా దీన్ని పట్టుకుని ప్రయోగానికి దిగుతాడేమోనని, పనికిరాకుండా పోయేటట్లుగా అక్కడక్కడ కొన్ని భాగాలను కావాలనే వదిలేశానని కూడా రాశాడు. 1584లో రెజినాల్డ్ స్కాట్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి, ఆయన కూడా మంత్రగత్తెల వేటను వ్యతిరేకించినవాడే, ఆ పట్టికను ఇంగ్లీషులోకి తెచ్చి తన పుస్తకంలో చేర్చాడు. ఆ అనువాదంలో ప్రుఫ్లాస్ అనే పేరు ఒకటి జారిపోయింది. 17వ శతాబ్దపు గోయెటియా రాతప్రతులలో కొత్తగా నాలుగు పేర్లు చేరి లెక్క 72 అయింది కానీ, ప్రుఫ్లాస్ మాత్రం వాటిలోనూ లేడు. కాబట్టి గోయెటియాను కూర్చినవారు స్కాట్ ఇంగ్లీషు పుస్తకాన్నే ముందు పెట్టుకున్నారని పరిశోధకులు అనుమానిస్తారు. ఒక సంశయబుద్ధి గల వైద్యుడు కావాలని పెట్టిన ఖాళీలు, మరొకాయన పొరపాటున వదిలిన పేరు కలగలిసిన పట్టికను నేడు కొందరు అక్షరం తప్పితే ప్రమాదమని భయపడుతూ చదువుతున్నారు. నాకు ఇందులో కొంత హాస్యం కూడా కనిపిస్తుంది.

అబ్రామెలిన్ గ్రంథం విషయంలో తేడాలు ఆచరణకే అడ్డుతగులుతాయి. మేథర్స్ 1898లో ప్రచురించిన అనువాదానికి ఆధారం ప్యారిస్‌లోని ఆర్సెనల్ గ్రంథాలయంలో ఉన్న ఫ్రెంచి రాతప్రతి. దాని ప్రకారం దీక్ష ఆరు నెలలు. తర్వాత వెలుగులోకి వచ్చిన జర్మన్ ప్రతులు దీక్షాకాలం ఏడాదిన్నర అంటాయి; వీటిలో ఒకటి 1608 నాటిది. అభిషేక తైలంలో దాల్చినచెక్క, బోళం, ఆలివ్ నూనెలతోపాటు పడవలసిన దుంప జర్మన్ పాఠంలో వస. ఫ్రెంచి పాఠంలో అది దుంపరాష్ట్రంగా మారిపోయింది. ఇరవయ్యో శతాబ్దమంతా ఇంగ్లీషు ప్రతిని నమ్మి దీక్ష పట్టినవారు మూడో వంతు కాలం, వేరే దుంపతో చేశారన్నమాట. ఫలితం కనిపించిందని వారిలో కొందరు చెప్పుకున్నారు కూడా. అందువల్ల అక్షరశుద్ధిలోనే శక్తి ఉందన్న వాదం ఈ గ్రంథాల ముందు నిలబడదు.

ఇక మొదట చదవవలసినది నా లెక్కలో స్కాట్ పుస్తకమే. ఆనాడు ప్రచారంలో ఉన్న ప్రయోగాలు, గారడీవాళ్ల చేతివాటం కిటుకులు, న్యాయస్థానాల మూర్ఖత్వం అన్నీ ఒకేచోట, మంచి వచనంలో దొరుకుతాయి. అయితే 1665 నాటి ముద్రణ మాత్రం తీసుకోకండి. స్కాట్ పోయిన చాలాకాలానికి వచ్చిన ఆ ముద్రణలో ఎవరో నిజమైన ప్రయోగవిధానాలను కొత్త అధ్యాయాలుగా ఇరికించారు. తరువాత 1533లో పూర్తిగా అచ్చయిన అగ్రిప్ప మూడు సంపుటాలు చదవండి. ఆయన పేరుతో తిరిగే 'నాలుగో సంపుటం' ఆయన చనిపోయి ఇరవై ఏళ్లు దాటాక వచ్చింది; అది మా గురువుగారిది కాదని వేయర్ అప్పుడే గట్టిగా చెప్పాడు.

సాధన చేయాలన్న కోరిక మీకు ఇంకా మిగిలి ఉంటే ఒక సంగతి గమనించండి. ఈ గ్రంథాలను ఎక్కువగా రాసుకున్నదీ వాడుకున్నదీ లాటిన్ చదువుకున్న చర్చి మనుషులు. ఉపవాసం, బ్రహ్మచర్యం, పాపనివేదన, కీర్తనల పారాయణం వారికి నిత్యకృత్యం కనుక గ్రంథం వాటిని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లిపోతుంది. ఆ దేవుడి మీద నమ్మకం గానీ ఆ పారాయణం మీద అభ్యాసం గానీ లేకుండా, చివరనున్న ఆవాహన పేజీ ఒక్కటి తెరవడం సంధ్యావందనం రానివాడు యజ్ఞానికి బ్రహ్మగా కూర్చోవడం వంటిది. ఉపవాసమూ మౌనమూ నియమంగా పాటించి, రోజూ జరిగినది జరిగినట్టు పుస్తకంలో రాసుకోవడం వరకు మీరు చేయదలిస్తే అందులో నాకు అభ్యంతరం కనిపించదు. నిద్ర తగ్గి, మాటలు వినిపించడం మొదలైతే మాత్రం దాన్ని సిద్ధి అనుకోకుండా వెంటనే మానసిక వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: పాతకాలపు ఒక లేపనం తయారీలో బెల్లడోనా, వత్సనాభి, గబ్బిలం రక్తం ఉన్నాయి. బెల్లడోనా ఇక్కడ దొరకదు కనుక దాని బదులు ఉమ్మెత్త వాడవచ్చా? ఒంటికి రాసుకునేదే కాబట్టి ప్రమాదం ఉండదనుకుంటున్నాను.
— పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, వరంగల్

సమాధానం: వాడకూడదు. ఉమ్మెత్తలోనూ బెల్లడోనాలోనూ ఉన్నవి ఒకే జాతి విషాలు: అట్రోపిన్, స్కోపోలమిన్. ఒక మొక్కకూ మరొక మొక్కకూ, ఒకే మొక్కలో ఆకుకూ గింజకూ వాటి మోతాదు మారిపోతుంది కనుక, 'ఇంత వేస్తే చాలు' అని ఏ గ్రంథమూ చెప్పలేదు. ఒంటికి రాసుకుంటే ప్రమాదం లేదన్నది పూర్తిగా తప్పు. వత్సనాభి విషం చర్మం గుండానే లోపలికి పోయి గుండె లయను దెబ్బతీస్తుంది. నోరెండిపోవడం, కంటిపాప విప్పారడం, లేనివి ఉన్నట్టు కనిపించడం, జ్వరం, స్పృహ తప్పడం ఉమ్మెత్త విషం లక్షణాలు. ఇప్పటికే రాసుకున్నారా అన్నది మీ ఉత్తరంలో స్పష్టంగా లేదు. రాసుకుని ఉంటే సబ్బుతో కడిగేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏ మొక్కలు వాడారో దాచకుండా చెప్పండి.

ఇటువంటి లేపనాల జాబితా 1558లో నేపుల్స్‌కు చెందిన డెల్లా పోర్టా అచ్చు వేయించిన ప్రకృతివిద్యా గ్రంథంలో ఉంది. మంత్రగత్తెలు గాలిలో ఎగిరామని ఎందుకు నమ్ముతారో వివరించడానికి ఆయన దాన్ని ఇచ్చాడు, వాడుకొమ్మని ఇవ్వలేదు. బ్రిటన్‌లో 1960లలో 'సంప్రదాయ మంత్రవిద్య' అన్న మాటకు ప్రచారం తెచ్చినవారిలో ఒకడైన రాబర్ట్ కాక్రేన్, 1966 వేసవిలో బెల్లడోనా, నిద్రమాత్రలు తీసుకుని ముప్పై అయిదేళ్ల వయసులో మరణించాడు. మొక్కల గురించి ఆయనకు మీకంటే నాకంటే ఎక్కువే తెలుసు.

గబ్బిలం మాట కూడా చెప్పవలసి ఉంది. గబ్బిలాలను పట్టి చంపడం వల్ల మనుషులకు రోగాలు అంటుకునే ప్రమాదం ఉంది. గుడ్లగూబ, ఉడుము, నక్షత్ర తాబేలు వంటివి పూజల కోసమని సంతల్లో రహస్యంగా అమ్ముతారు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని కొనడం, అమ్మడం నేరం. 'హత్తాజోడీ' అనే వేరు అని అమ్మేది చాలాసార్లు వేరు కాదు, మగ ఉడుము జననాంగాన్ని ఎండబెట్టినది. కొన్నవారికి జైలు, అమ్మినవాడికి డబ్బు, ఉడుముకు చావు.

ప్రశ్న: మేము అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటున్నాం. పక్కింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ మా అబ్బాయికి ఒక పాత చిన్న పుస్తకం ఇచ్చారు. 'చిరకాలం దాగిన నేస్తం' అన్నట్టుగా ఉంది దాని పేరు. నొప్పులకు, రక్తం ఆగడానికి, దొంగను పట్టడానికి మంత్రాలున్నాయి. పూజగది ఉన్న ఇంట్లో ఇది ఉంచవచ్చా? ఇది చేతబడి పుస్తకమా?
— ఒక పాఠకురాలు, పెన్సిల్వేనియా

సమాధానం: అమ్మా, ఇది చేతబడి పుస్తకం కాదు. 1802లో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన యోహాన్ గెయోర్గ్ హోమన్ అనే ఆయన, మీ రాష్ట్రంలోని రెడింగ్ పట్టణంలో 1820లో జర్మన్ భాషలో ప్రచురించినది. తరువాత ఇంగ్లీషులోకి వచ్చింది. అందులోని మంత్రాలు చాలావరకు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ పేరు మీద ముగిసే క్రైస్తవ ప్రార్థనలు. మధ్యమధ్య పశువుల రోగాలకు చిట్కాలు ఉంటాయి. మన ఊళ్లలో పచ్చకామెర్లకు, తేలుకాటుకు మంత్రం వేసే పెద్దల వంటివారు అక్కడి జర్మన్ రైతుల్లోనూ ఉండేవారు. ఆ వైద్యాన్ని వాళ్లు 'బ్రౌఖెరై' అంటారు. ఈ పుస్తకాన్ని దగ్గర ఉంచుకున్నవాడు శత్రువుల నుంచి రక్షణ పొందుతాడని అందులోనే రాసి ఉండడం వల్ల చాలామంది దాన్ని చదవకుండా, తాయెత్తులా జేబులో పెట్టుకు తిరిగేవారు. మీ ఇంట్లో నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు. జ్వరానికీ గాయానికీ మాత్రం డాక్టరు దగ్గరికే వెళ్లండి.

ఈ పుస్తకం చుట్టూ జరిగిన ఒక ఘోరం మీ అబ్బాయికి ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది కనుక ముందుగా మీరే చెప్పడం మంచిది. 1928 నవంబరులో అదే రాష్ట్రంలోని యార్క్ కౌంటీలో ఒక మంత్రవైద్యుడు, తన కష్టాలన్నిటికీ తోటి మంత్రవైద్యుడైన ఒక రైతే కారణమని మరొక స్త్రీ చెప్పగా నమ్మాడు. ఆ రైతు దగ్గరున్న ఈ పుస్తకం ప్రతిని తెచ్చి కాల్చాలి, లేదా అతడి తల వెంట్రుకలు తెచ్చి పాతిపెట్టాలి, అప్పుడే ప్రయోగం విడిపోతుందన్నది ఆమె సలహా. ఇద్దరు కుర్రవాళ్లను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాడు. పుస్తకం దొరకలేదు, పెనుగులాటలో ముగ్గురూ కలిసి ఆ రైతును కొట్టి చంపారు. కుర్రవాళ్లలో ఒకడికి పద్నాలుగేళ్లు. ఆ పుస్తకంలో మనిషిని చంపే మంత్రం వెతికినా దొరకదు. హత్య జరగడానికి అది ఫలానావాడి ఇంట్లో ఉందన్న నమ్మకమే సరిపోయింది.

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో షికాగోలో అచ్చయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. హిందూ మాంత్రికవిద్య అని పేరు, లోపల యోగుల బొమ్మలు. మనం పోగొట్టుకున్న మంత్రశాస్త్రం విదేశీయుల చేతిలో ఇలా నిలిచిందని అనుకోవచ్చా?
— ఒక పాఠకుడు, మచిలీపట్నం

సమాధానం: అనుకోవడానికి వీల్లేదు. మీరు పంపిన శీర్షిక పేజీ ఫోటోను బట్టి అది డిలారెన్స్ అనే షికాగో వ్యాపారి ప్రచురణ. పోస్టు ద్వారా పుస్తకాలు, తాయెత్తులు అమ్మిన ఈయన సరుకు కరీబియన్ దీవులకూ పశ్చిమాఫ్రికాకూ కూడా చేరింది. జమైకా ప్రభుత్వం ఆయన ప్రచురణల దిగుమతిని నిషేధించింది. మీ తాతగారి పుస్తకంలో అధికభాగం, ఫ్రాన్సిస్ బారెట్ అనే ఆయన 1801లో లండన్‌లో ప్రచురించిన గ్రంథానికి నకలు. ఆ బారెట్ కూడా తన గ్రంథంలో ఎక్కువ భాగాన్ని అగ్రిప్పకు 1651లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం నుంచి, పేరు చెప్పకుండా ఎత్తి రాసుకున్నాడు. పైగా తన దగ్గర మంత్రవిద్య నేర్చుకోదలచినవారికి పన్నెండు మందికే అవకాశమని అందులోనే ప్రకటన వేసుకున్నాడు. యోగుల బొమ్మల వెనక ఉన్నది 16వ శతాబ్దపు జర్మన్ పండితుడి గ్రహశాస్త్రం. డిలారెన్స్ 1916లో, బ్రిటన్‌లో 1904లో అచ్చయిన గోయెటియాను కూడా ఇలాగే తన పేరు మీద వేసుకున్నాడు.

మన మంత్రశాస్త్రం మీద ఆసక్తి ఉంటే దానికి షికాగో దాకా పోనక్కరలేదు. మహీధరుడు కాశీలో 16వ శతాబ్ది చివర రచించిన మంత్రమహోదధి మన భాషల్లోనూ వ్యాఖ్యలతో దొరుకుతుంది. శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం అనే షట్కర్మల విభాగం అందులో చూడవచ్చు. అయితే ఇటువంటి గ్రంథాలు మంత్రాన్ని తిన్నగా రాయవు. 'స్వాహా' అనడానికి 'అగ్ని భార్య' అని, ఒక బీజాక్షరానికి ఒక దేవత పేరని సంకేతాలు వాడతాయి. విప్పి చెప్పడానికి గురువు ఉంటాడన్న భరోసా మీద రాసినవి అవి. సంకేతం విప్పకుండా, కొన్నిచోట్ల తప్పు విప్పి వేసిన చవకరకం ముద్రణలు తిరునాళ్లలో పేవ్‌మెంట్ల మీద కుప్పలుగా ఉంటాయి. మీ తాతగారి పుస్తకాన్ని మాత్రం పారేయకండి. మచిలీపట్నం దాకా అది ఎలా వచ్చిందో, లోపల రసీదు గానీ కవరు గానీ ఉందేమో చూసి మాకు రాయండి.

ప్రశ్న: 'విక్కా'కూ 'సంప్రదాయ మంత్రవిద్య'కూ తేడా ఏమిటి? రెండూ క్రైస్తవానికి ముందునుంచి వస్తున్నవేనా?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్యా చట్టాన్ని 1951లో రద్దు చేశారు. ఆ తరువాతే, 1954లో, జెరాల్డ్ గార్డ్‌నర్ తాను చూశానన్న మంత్రగత్తెల మతం గురించి పుస్తకం వేశాడు. విక్కా ఆయననుంచి వ్యాపించింది. ఆయన క్రతువులలోని నల్లపిడి కత్తి, తెల్లపిడి కత్తి మేథర్స్ 'తాళపుచెవి'లో ఉన్నవే. గార్డ్‌నర్ పద్ధతి కొత్తదని, తమదే వంశపారంపర్యమని చెప్పుకున్నవారు తమను 'సంప్రదాయ' వర్గంగా పిలుచుకున్నారు. పల్లెల్లో నాటువైద్యం, దిష్టి తీయడం వంటివి నిజంగానే పాతవి. కానీ ఇప్పుడు సంప్రదాయమని నేర్పుతున్న క్రతువులలో అధికభాగం ఇరవయ్యో శతాబ్దంలో కూర్చినవే.

ప్రశ్న: మా తాతయ్య వయసు డెబ్బై దాటింది. ఆయన దగ్గర వాళ్ల నాయనగారి నాటి తెలుగు మంత్రపుస్తకం ఒకటి, కొన్ని తాటాకులు ఉన్నాయి. ఒకప్పుడు పాము మంత్రం వేసేవారట. ఈమధ్య ఊళ్లో వరసగా రెండు గేదెలు చనిపోతే, బాణామతి అని మా ఇంటివైపు చూస్తున్నారు. పుస్తకం ఊరందరి ముందు కాల్చేస్తే గొడవ పోతుందని మా బాబాయి అంటున్నాడు.
— పేరు, ఊరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, మెదక్ జిల్లా

సమాధానం: అమ్మా, కాల్చవద్దు. నలుగురిలో కాలిస్తే, ఇన్నాళ్లూ ప్రయోగం చేసినట్టు మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. రేపు మూడో గేదె చనిపోతే కాల్చినందుకే చనిపోయిందంటారు. పుస్తకాన్నీ తాటాకులనూ ఎవరికీ చూపకుండా బయటికి తరలించండి. హైదరాబాదులో తార్నాక దగ్గర ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వారిని అడిగి, పాత ప్రతులుగా అప్పగించవచ్చు.

అంతకంటే ముందు మీ తాతయ్యగారిని కొన్నాళ్లు వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉంచండి. బాణామతి అనుమానం మీద మన రాష్ట్రాల్లో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు జరిగాయి కనుక దీన్ని ఊరిమాటగా కొట్టిపారేయకండి. ఎవరు ఏమన్నారో తేదీలతో రాసి, ఇవాళే పోలీస్ స్టేషన్‌లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంటిమీదికి ఎవరైనా వస్తే 112కు ఫోను చేయండి. గేదెలు పోయిన ఇళ్లవారితో సర్పంచి చేత మాట్లాడించి, మండల పశువైద్యాధికారిని పిలిపించండి. వానాకాలంలో గొంతువాపు, జబ్బవాపు వంటి రోగాలు పశువులను ఒకటి రెండు రోజుల్లోనే చంపగలవు. మళ్లీ ఏ పశువైనా చనిపోతే పాతిపెట్టకముందే పరీక్ష చేయించి, ఫలితాన్ని కాగితం మీద తీసుకుని, పశువైద్యాధికారి చేతనే గ్రామసభలో చదివించండి. మిగిలిన పశువులకు టీకాలు కూడా అప్పుడే వేయించండి.